చట్టం చెక్కు చెదరకుండా ఆడపిల్లల్ని గ్రౌండు బయట ఉంచే విధానం

హైస్కూలు హెడ్మాస్టర్లూ, స్కూలు కమిటీ ఛైర్మన్లూ, ఎదిగిన కూతురున్న తండ్రులూ! ముందు మీ భయం పోగొడతాను. ఆడపిల్లల ఆటల గురించి ఏవో చట్టాలున్నాయట, ఎవరో వచ్చి అడుగుతారట అని కంగారు పడేవాళ్లు మన ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. కంగారక్కర్లేదండి. చట్టం గేటు దాకానే వస్తుంది. లోపలికొచ్చాక గ్రౌండు మనది, టైంటేబుల్ మనది, బాత్రూం తాళం మనది.

చట్టానికి దండం పెట్టి పక్కనుంచి వెళ్లిపోవడం మన డెల్టావాళ్లకి కొత్తేం కాదు. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఇక్కడ ఆ చట్టం ఎవరి జోలికీ పోలేదు, దాని జోలికీ ఎవరూ పోలేదు. తరవాత 1929లో శారదా చట్టం వచ్చింది. పెళ్లికి పిల్లకి 14 నిండాలంది. మనవాళ్లు ధర్నా చేశారా? ఊరేగింపు తీశారా? లేదండి, పెళ్లివారినందర్నీ వెంటబెట్టుకుని యానాం వెళ్లిపోయారు. అది అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఊరు, శారదా చట్టం అక్కడ చెల్లదు. ఎన్ని బాల్యవివాహాలు జరిగాయంటే ఊరికి కల్యాణపురం అనే పేరొచ్చింది. అంతటి పెద్దల మనవలం మనం, ఒక ఖోఖో జట్టుకి బెంబేలెత్తిపోతామా?

ఇప్పుడున్న చట్టాల సంగతికొద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. దాని షెడ్యూలు తీసి చూడండి. బడికి ఆటస్థలం ఉండాలి, ఆట సామాను ఉండాలి, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలి. బాగుంది కదా? ఇంకోసారి నెమ్మదిగా చదవండి. ఆటస్థలం ఉండాలంది గానీ అందులో ఎవరు ఆడాలో అనలేదు. సామాను ఉండాలంది గానీ బీరువా తాళం ఎవరి జేబులో ఉండాలో రాయలేదు. పైగా ఆ హక్కు 14 ఏళ్ల వరకే. శారదా చట్టంలో 14 దగ్గర పెళ్లికి గేటు తెరిచారు, ఇందులో 14 దగ్గర బడి హక్కుకి గేటు మూశారు. ఎనిమిదో తరగతి దాటే ఈడు. ఇంట్లో బామ్మ "ఇంక చాల్లేవే ఆ గెంతులు" అనేదీ సరిగ్గా ఆ ఈడులోనే. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకి మా బామ్మ సంగతి ఎలా తెలిసిందో!

ఒక్క చట్టం దగ్గర మాత్రం జాగ్రత్తండి. అది మన దేశానిది కాదు, అమెరికాది. 'టైటిల్ నైన్' అంటారు. 1972 జూన్ 23న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం పెట్టాడు. అసలు సంగతంతా ఒక్క వాక్యం, ఇంగ్లీషులో 37 మాటలు. ఆటలన్న ఊసే లేదు. కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ చదువుల కార్యక్రమంలోనూ ఆడా మగా తేడా చూపకూడదు, అంతే. చూడ్డానికి మన రాజ్యాంగం 15వ అధికరణంలాగే ఉంది కదా, దానికెందుకు భయం అంటారా? 'డబ్బు తీసుకునే' అన్నాడు చూశారూ, తిరకాసంతా అక్కడుంది. తేడా చూపిస్తే డబ్బు ఆగిపోతుంది.

దాంతో ఏమైందో వినండి. చట్టం వచ్చేనాటికి అక్కడ హైస్కూలు ఆటల్లో ఆడపిల్లలు 3 లక్షలైనా లేరు. 1978 కల్లా 20 లక్షలు దాటారు. 2018-19లో 34 లక్షలు. పోనీ మగపిల్లల నోట్లో మట్టి కొట్టారా అంటే, వాళ్లూ 36 లక్షల నుంచి 45 లక్షలకి పెరిగారు. ఈ రెండో ముక్క కమిటీ మీటింగులో పొరపాటున కూడా ఎత్తకండి. 'ఆడపిల్లలకిస్తే మగపిల్లల ఆట పోతుంది' అన్నది మన దగ్గరున్న మేలైన వాదన. ఈ అంకె బయటికొస్తే ఆ వాదన ఊడిపోతుంది.

అన్నట్టు, మన ఊరి నుంచి అమెరికా వెళ్లినవాళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ చెల్లెల్ని వీధి అరుగు దాటనివ్వని పెద్దమనిషే, అక్కడ శనివారం పొద్దున్నే కూతుర్ని కార్లో సాకర్‌కి దింపి, మడత కుర్చీ వేసుక్కూర్చుని చప్పట్లు కొడుతుంటాడు. సంక్రాంతికి వస్తాడు కదా, ఆ సంగతి ఎత్తబోతే వెంటనే పూతరేకులు అందించండి.

ఒక్క ఊరట ఉంది లెండి. 1972లో అక్కడి కాలేజీల ఆడపిల్లల జట్లకి కోచ్‌లు నూటికి 90 మంది ఆడవాళ్లే. చట్టం పుణ్యమా అని ఆ ఉద్యోగాలకి జీతాలొచ్చాక ఆడకోచ్‌ల వాటా సగానికన్నా కిందికి పడిపోయింది. మిగతా కుర్చీలు మగవాళ్లవే. ఎంత మంచి చట్టంలోనైనా మనకో కుర్చీ దొరక్కపోదు.

కాబట్టి మొట్టమొదటి సూత్రం: గ్రాంటుకీ ఆడపిల్లల ఆటకీ ముడి పడనివ్వకండి. బిల్డింగు లెక్క అడిగితే ఇవ్వండి, బెంచీల లెక్క ఇవ్వండి, మరుగుదొడ్డి ఫోటో పంపమంటే పంపండి. 'మీ బడిలో ఈ వారం ఎంతమంది ఆడపిల్లలు చెమటోడ్చి ఆడారు?' అని అడిగి, ఆ జవాబుని బట్టి డబ్బు వేసే రోజొస్తే నేను రాసిన ఈ కాగితాలు చింపి పొయ్యిలో పెట్టుకోవచ్చు.

ఇక గ్రౌండు. అది ఖాళీగా కనపడకూడదు. మన దగ్గర అదృష్టవశాత్తూ కారణాలకి లోటు లేదు. కోతలప్పుడు ధాన్యం ఆరబోసుకోవడానికి ఇవ్వండి. రైతుకి సాయం చేస్తే ఎవరు కాదంటారు? మాఘమాసంలో పెళ్లి షామియానా, ఎలక్షన్లప్పుడు మీటింగు, వానాకాలం నాలుగు నెలలూ అదే చెరువు. మిగిలిన రోజుల్లో మగపిల్లలకి క్రికెట్టు. ఒక్క బ్యాటు, ఒక్క బంతి, పదిహేను మంది కుర్రాళ్లు కలిసి మొత్తం గ్రౌండంతా పట్టేస్తారు. ఎల్బీ అయిందా కాలేదా అన్న తగువుకే సగం పొద్దు. దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు. అదే స్థలంలో ఆడపిల్లలు కబడ్డీకి సున్నం గీతలు గీస్తే మాత్రం "గ్రౌండంతా పాడుచేస్తున్నారు" అని అరవడానికి ఒక మాస్టార్ని సిద్ధంగా ఉంచండి.

ఆడపిల్లలకి ఏమీ ఇవ్వలేదన్న మాట రాకూడదు. రింగు ఇవ్వండి. సైకిల్ స్టాండు పక్కన రెండు కర్రలు పాతి తాడు కడితే టెన్నికాయిట్ అయిపోయింది. అది మంచి ఆటేనండి, ఆడేవాళ్లు ఆడితే ఒళ్లు హూనమవుతుంది. ఆరుగురికి ఒక రింగు, ఇరవై నిమిషాల పీరియడు ఇస్తే చెమట పట్టేలోపే గంట కొట్టేస్తారు. వార్షికోత్సవానికి మ్యూజికల్ చైర్స్, నిమ్మకాయా చెంచా. సంక్రాంతికి ముగ్గుల పోటీ. ముగ్గు వేసేటప్పుడు పిల్ల వంగే ఉంటుంది, బజారు మొత్తం చూసినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే నడుం వంచి ఖోఖోలో కూర్చుంటే అభ్యంతరం. ఎందుకని నన్నడక్కండి, నేను సలహాలిచ్చేవాణ్ని, సంజాయిషీ ఇచ్చేవాణ్ని కాదు.

ఇప్పుడు అసలు ఆయుధం. బాత్రూం తాళం. దీన్ని చిన్నచూపు చూడకండి, నూరు చట్టాల పెట్టు. మన రాష్ట్రంలో 2019 నవంబరు 14న బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టినప్పుడు పనుల జాబితాలో నీళ్లొచ్చే మరుగుదొడ్లు మొదటి వరసలోనే ఉన్నాయి. 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' అని ఏడో తరగతి నుంచి ఇంటరు దాకా సర్కారు బడుల, కాలేజీల ఆడపిల్లలకి నెలకి పది చొప్పున శానిటరీ న్యాప్‌కిన్లు పెట్టారు. అంతా అయిపోయింది, ఇక మన చేతిలో ఏముంది అనుకున్నారా? టైమింగు ఉంది. సాయంత్రం బడి వదలగానే అటెండరు చేత తాళం వేయించి, మోటారు ఆపించేయండి. ప్రాక్టీసు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. తాళం సంగతి తెలిసిన పిల్ల ఏం చేస్తుంది? మధ్యాహ్నం అన్నం తిన్నాక సీసా మూత తియ్యదు. నీళ్లు తాగని పిల్ల గోదావరి ఉక్కపోతలో పది నిమిషాలు పరిగెత్తేసరికి పెదాలు తడారిపోయి, గ్రౌండు అంచున తల పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు మీరు పక్కనున్న మాస్టారితో అనాల్సిన మాట: "చూశారా, ఆడపిల్లల్లో స్టామినా ఉండదండి." ఆయన "ఆయ్, నిజమేనండి" అంటాడు. బడిలో మరుగుదొడ్డి ఉందన్న గడిలో టిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

ఆఖరి బస్సు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. చీకటి పడితే కాలవగట్టు మీద లైట్లుండవు. లైట్లు వేయించమని పంచాయతీని అడక్కండి, పిల్లని ఉండొద్దనండి.

దుస్తుల విషయంలో నోటితో ఏమీ అనకండి. అంటే రేపు పేపర్లో రాస్తారు. ఊరుకోండి చాలు, మిగతాది వీధి చూసుకుంటుంది. అయినా కొందరు పిల్లలు మొండివాళ్లు. నేనొక మండల స్థాయి పోటీలో చూశాను. తొమ్మిదో తరగతి పిల్ల, కాళ్లకి చెప్పుల్లేవు, యూనిఫాం చున్నీ భుజం మీంచి ఏటవాలుగా తెచ్చి నడుం దగ్గర రెండు ముళ్లేసింది. వీపు మీద తట్టి "ఖో" అనగానే లేచింది. గీత మీద రెండడుగులు, పోల్‌ని ఎడమ చేత్తో పట్టుకుని ఒక్క తిప్పు తిరిగి, ఆ ఊపులోనే మనిషి మనిషంతా గాల్లోకి లేచి రన్నర్ మడమ మీద రెండు వేళ్లు ఆనించి దబ్బున పడింది. మోకాలు చెక్కుకుపోయి, సున్నం గీత మీద ఎర్రగా చార. లేచి, లంగా దులుపుకున్నంత తేలిగ్గా మోకాలు దులుపుకుని మళ్లీ వరసలో కూర్చుంది. ఇలాంటప్పుడు తక్షణం చేయాల్సిన పని ఒకటుంది. అమ్మకి ఫోన్ చేయండి. అబ్బాయికి దెబ్బ తగిలితే "పోరా, మట్టి రాసుకో" అంటాం. అమ్మాయికి మాత్రం "మచ్చ పడుతుందేమోనండీ, రేపు పెళ్లిచూపులకి..." అని సగంలో ఆపేయాలి. మిగతా సగం ఆవిడే పూర్తి చేసుకుంటుంది, మర్నాటి నుంచి పిల్ల రాదు.

బడికి ఆడ పీఈటీ రాకుండా చూసుకోవడం క్షేమం. వచ్చేస్తే, పోనివ్వండి, పని చెప్పండి. మధ్యాహ్న భోజనం కోడిగుడ్లు లెక్కపెట్టించండి, సెలవు పెట్టిన వాళ్లందరి క్లాసుల్లోనూ కూర్చోబెట్టండి. ఆవిడ ట్రాక్ ప్యాంటు వేసుకుని, మెళ్లో విజిలుతో గ్రౌండు మధ్య నిలబడితే ఆరో తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూస్తారు. ఆ చూపు మంచిది కాదు. ఇక పదో తరగతి వాళ్ల ఆటల పీరియడు లెక్కల మాస్టారికిచ్చేయండి. ఇందులో మాత్రం ఆడా మగా సమానమే. మగపిల్లాడు ఆ పోయిన ఆటని సాయంత్రం వీధిలో ఆడుకుంటాడు గనక పేచీ రాదు. ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీలో వేస్తే అసలు గ్రౌండన్నదే కనపడదు, మనకి శ్రమ తప్పుతుంది.

పోటీలకి ఎంట్రీలు పంపడం తప్పదు. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, అండర్ 17 అని మగపిల్లలకి ఉన్నట్టే ఆడపిల్లలకీ ఉన్నాయి. జట్టు పంపలేదంటే మాటొస్తుంది. ఇక్కడ రెండు మార్గాలు. ఆడపిల్లల జట్టు వెంట ఒక మేడమ్ వెళ్లాలి కదా, మేడమ్ గారికి ఆ రోజే వేరే డ్యూటీ వేయడం ఒకటి. రెండోది ఇంకా నాజూకైనది. కబడ్డీకి పన్నెండు పేర్లు రాసి, ఒక్క రోజు కూడా ప్రాక్టీసు లేకుండా ఆటో ఎక్కించి పంపండి. మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడి, మధ్యాహ్నం పులిహోర పొట్లం తిని వచ్చేస్తారు. రిజిస్టర్లో మాత్రం 'పాల్గొన్న బాలికలు: 12'. లెక్కల్లో ఆడపిల్లల భాగస్వామ్యం పెరిగింది, గ్రౌండులో పెరగలేదు. పంచాయతీ ప్రెసిడెంటు కుర్చీ ఆడమనిషికి రిజర్వు చేసి సంతకాలు మొగుడి చేత పెట్టించుకుంటున్న ఊళ్లకి ఇది నేర్పాలా?

ఇంత చేసినా కొన్నిచోట్ల గురి తప్పుతుంది. మార్టేరు అంటే మనకి వరి పరిశోధన కేంద్రం, స్వర్ణ ధాన్యం. ఆ ఊరి పిల్ల సత్తి గీత 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే పరిగెత్తింది. ఆ పోటీల్లో మన జట్టు తీసిన 3 నిమిషాల 26.89 సెకన్లు జాతీయ రికార్డయింది. 2008లో బీజింగ్ కూడా వెళ్లింది. అక్కడికి దగ్గర్లోనే తణుకు. ఆ ఊరి దండి జ్యోతికశ్రీ 2024లో అదే రిలేకి పారిస్ వెళ్లింది. వరిచేల మధ్య దగ్గర దగ్గర ఊళ్ల నుంచి ఇద్దరు నాలుగొందల మీటర్ల పిల్లలు. పైన ఏజెన్సీలో కూనవరం మండలం పిల్ల కుంజా రజిత 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ రిలే బంగారు జట్టులో ఉంది.

వీళ్లని చూసి బెదరకండి, వాడుకోండి. ఎవరైనా తండ్రి వచ్చి "మా అమ్మాయికి ఆడే వీలు లేదండీ" అంటే "అడ్డుంటే వాళ్లెలా వెళ్లారండీ ఒలింపిక్స్‌కి?" అని అడగండి. జవాబుండదు. ఒక్క పేరు చెబితే, అదే బడిలో అదే బెంచీ మీద కూర్చుని తొమ్మిదిలోనే ఆట మానేసిన వందమంది పేర్లు ఎవరూ అడగరు. అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ పేరు మగపిల్లలకి చెప్పేటప్పుడు "నువ్వూ ఆడు" అని చెబుతాం. అమ్మాయిలకి గీత పేరు "నీకేం తక్కువ చేశాం" అని చెప్పాలి. బ్యాడ్మింటన్ సింధు అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లేనన్న సంగతి కలపకండి. ఇంట్లో ఆట తెలిసినవాళ్లుంటే చట్టం లేకపోయినా పిల్ల ఆడేస్తుంది, ఇంట్లో ఎవరూ లేని పిల్లకే చట్టం కావాలి అని ఎవరికైనా తట్టే ప్రమాదముంది.

అన్నిటికన్నా నన్ను నిద్రపోనివ్వనిది కరణం మల్లీశ్వరి ఉదంతం. ఒలింపిక్స్‌లో మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లోనే మొదలైంది. ఆడవాళ్లకి పెట్టింది 2000లో, సిడ్నీలో. పెట్టిన మొదటిసారే శ్రీకాకుళం పిల్ల 69 కిలోల విభాగంలో కంచు పతకం పట్టుకొచ్చేసింది. మన దేశపు ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. నూరేళ్ల పైచిలుకు మూసి ఉన్న తలుపు తీసేసరికి ఆవిడ అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియనై గడప మీద నిలబడి ఉంది. రూల్ మారే వేళకి పిల్ల తయారై ఉంటే ఇలాగే అవుతుందండి. రూల్ మారకుండా ఆపడం మన వల్ల కాదు, అవి ఒలింపిక్ కమిటీ ఉండే లోజాన్‌లోనో ఢిల్లీలోనో మారిపోతుంటాయి. పిల్ల తయారవకుండా ఆపడమే మన చేతిలో ఉన్నది. అందుకే తాళాలూ ఆరబోతలూ గురించి అంత వివరంగా రాశాను.

అయినా మన బడి నుంచే ఒకతె పతకం తెచ్చిందనుకోండి. ఆ రాత్రికే ఫ్లెక్సీ ఆర్డరివ్వాలి. పైన ఎమ్మెల్యేగారు, పక్కన కమిటీ ఛైర్మన్, ఆ కింద దాతలు, కుడి చివర గుండ్రటి గడిలో పిల్ల ఫోటో. పతకం మెళ్లో ఉన్నది దొరక్కపోతే ఆధార్‌ది వేయండి. 'మన ఊరి ఆడపడుచు' అని పెద్దక్షరాలు. సభలో హెడ్మాస్టారు "మొదటి నుంచీ మేం ప్రోత్సహించాం" అన్నప్పుడు పిల్ల మొహం వైపు చూడకుండా జనం వైపు చూడాలి. ఫ్లెక్సీ కట్టడానికి గుంజలెక్కడివని వెతుక్కోనక్కర్లేదు, ఖోఖో పోల్స్ రెండూ ఖాళీగానే ఉన్నాయి.